గుడ్డ మీద చార

సూపర్‌వైజర్ ఓంప్రకాష్ గొట్టాన్ని బల్ల మీద పడేసిన చప్పుడుకి పక్క మిషన్ల దగ్గరివాళ్లు కూడా తల తిప్పి చూశారు. ఉదయం పదిన్నరకే ఇచ్ఛాపూర్ ఎండకి రేకుల కప్పు కాలిపోతోంది. గొట్టం ఒక చివర టార్చిలైటు పెట్టి, రెండో చివర నుంచి చూడమన్నాడు. మిషన్లకి నూనె చూసే పరుశురాం వంగి చూశాడు. అద్దంలా మెరవాల్సిన లోపలి గోడ మీద, ఆ చివర నుంచి ఈ చివర దాకా, వెంట్రుకంత సన్నటి గీతలు.

"యే క్యా హై?" అన్నాడు ఓంప్రకాష్.

ఇదేమిటో చూడగానే తెలిసింది పరుశురాంకి.

క్రేన్లు తయారుచేసే కంపెనీవాళ్లు పద్నాలుగు గొట్టాలు వెనక్కి పంపారు. రేపు తొమ్మిదింటికి వాళ్ల మనుషులు స్వయంగా వచ్చి మిషన్లు, నూనె, అన్నీ చూస్తారట. ఈ సంగతి నిన్న సాయంత్రం యజమాని సేఠ్ ఓంప్రకాష్‌కి చెప్పాడు. సేఠ్ ఏ భాషలో, ఎంత గొంతుతో చెప్పాడో ఓంప్రకాష్ కళ్ల కింద ఉబ్బు చూస్తే తెలుస్తోంది. పాపం అతనిదీ ఉద్యోగమే. సేఠ్ అతన్ని భయపెట్టాడు, అతను వీళ్లను భయపెట్టడానికి వచ్చాడు.

పరుశురాం మిషన్ దగ్గరికి నడిచి, పారుతున్న నూనెలో రెండు వేళ్లు ముంచి, బొటనవేలితో నెమ్మదిగా రాశాడు. ఈ పనికి రాకముందు కడోదరాలో పన్నెండేళ్లు మగ్గాలు నడిపినవాడు. కళ్లు మూసుకుని తాకినా దారంలో తెగిన పోగు ఎక్కడుందో చెప్పగల వేళ్లు అవి. ఆ వేళ్ల మధ్య నూనె జారాల్సింది పోయి గరగరలాడింది. చేయి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

ఆ ఫ్యాక్టరీలో తయారయ్యేది పెద్ద విచిత్రమేమీ కాదు. క్రేన్లకీ, టిప్పర్ లారీలకీ బరువులు లేపే సిలిండర్ల కోసం ఉక్కు గొట్టాలు. వాటి లోపలి భాగాన్ని సన్నటి రాళ్లతో రుద్ది నునుపు చేస్తారు. రుద్దేటప్పుడు ఇనుప పొడి రాలుతుంది, రాతి పొడి రాలుతుంది. ఆ రెండింటినీ కడుక్కుపోయేది నూనె. ఆ నూనె నేల కింద ఉన్న టాంకులోకి దిగి, శుభ్రపడి, మళ్లీ పైకి వస్తుంది. ఇనుప పొడిని అయస్కాంతం పట్టేస్తుంది. రాతి పొడిని అయస్కాంతం పట్టదు. దానికి కాగితపు జల్లెడే దిక్కు.

ఆ కాగితం చుట్ట ఒకటి ఆరువేల చిల్లర. ఎనిమిది రోజులకొకటి మార్చాలి. ఏడాది నుంచి సేఠ్ వాడిన కాగితాన్నే థిన్నర్‌లో కడిగించి, ఎండబెట్టించి, మళ్లీ ఎక్కిస్తున్నాడు. రెండు ఉతుకులకి కాగితం బొక్కలు పడుతుంది. బొక్కలు పడ్డ కాగితంలోంచి రాతి పొడి దర్జాగా నడిచి వెళ్లి టాంకు అడుగున కూర్చుంటుంది. కాగితం మార్చమని పరుశురాం మూడుసార్లు అడిగాడు. నాలుగోసారి అడగలేదు. టాంకు అడుగున మడ్డి పెరుగుతోందని తెలిసీ, ఆ సంగతి తలచుకోకుండా తన పని తాను చేసుకుపోయాడు. ఎందుకంటే ఆ మడ్డి తియ్యాలంటే టాంకు మూత తెరవాలి. మూత తెరిస్తే మనిషి దిగాలి.

ఏడడుగుల లోతు. మనిషి భుజాలు ముడుచుకుంటే తప్ప పట్టని మూతి. అక్కడ పనిచేసే తెలంగాణవాళ్లు దాన్ని బాయి అంటారు. మూడేళ్ల కిందట వాళ్లలోనే ఒకడైన సోమలింగం ఆ బాయి దగ్గరే కాలిపోయాడు.

"శామ్ తక్ టాంకీ సాఫ్ చాహియే," అన్నాడు ఓంప్రకాష్. సాయంత్రానికల్లా టాంకు శుభ్రంగా ఉండాలట. నాలుగు డబ్బాల థిన్నర్ తెప్పించాననీ, అది పోస్తే మడ్డి కరిగి వదులవుతుందనీ, ఒక మనిషి దిగి బకెట్లతో ఎత్తితే మూడు గంటల పనేననీ వేళ్ల మీద లెక్క చెప్పాడు.

"సాబ్, థిన్నర్ వద్దు," అన్నాడు పరుశురాం తనకొచ్చిన హిందీలో. "రెండు రోజులు మిషన్ బంద్ పెట్టండి. పంపు పెట్టి మడ్డి పైకి లాగుదాం. మనిషి దిగే పనే ఉండదు."

"రెండు రోజులా? రేపు తొమ్మిదింటికి వాళ్లొస్తే నీ మొహం చూపించాలా?"

"మరి గాలి ఊదే ఫ్యాన్ అయినా..."

"బక్కయ్య దిగుతాడు. నువ్వు దిగొచ్చని కాగితం మీద సంతకం పెట్టు," అని ఓంప్రకాష్ ఆఫీసు గదిలోకి వెళ్లిపోయాడు.

బక్కయ్య చేరి మూడు వారాలైంది. సిరిసిల్ల దగ్గరి పల్లె. కడోదరాలో అతను నడిపే మగ్గాలు మూతబడితే పరుశురామే ఇక్కడికి తీసుకొచ్చాడు. ముప్పై ఆరేళ్లున్నా మనిషి పేరుకు తగ్గట్టే ఉంటాడు. బాయి మూతికి సరిగ్గా సరిపోయే ఒళ్లు. దిగితే ఆ రోజు కూలికి తోడు ఐదువందలు అన్నారట. ఆ మాట చెప్పేటప్పుడు నవ్వబోయాడు గానీ నవ్వు పెదాల దాకా రాలేదు.

"అన్నా, లోపల ఊపిరాడుతదా?" అని మాత్రం అడిగాడు.

పరుశురాం స్టోరు రూముకి వెళ్లాడు. సోమలింగం చనిపోయాక ఫ్యాక్టరీలోకి రెండు కొత్త సరుకులు వచ్చాయి. ఒకటి టాంకులో గాలిని కొలిచే మీటరు. రెండోది ఒక కాగితం. 'టాంకులోని గాలిని పరీక్షించాను, మనిషి దిగడానికి ప్రమాదం లేదు' అని అచ్చేసి, కింద నూనె చూసేవాడి సంతకానికి గీత గీసి ఉంటుంది. బీరువాలోంచి మీటరు తీసి మీట నొక్కాడు. వెలగలేదు. దాని బ్యాటరీ చచ్చి ఏడాదైంది. కాగితానికి బ్యాటరీ అక్కర్లేదు. అది ఎప్పుడంటే అప్పుడు పనిచేస్తుంది.

చచ్చిన మీటరు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అప్పుడే అతనికి లత గుర్తొచ్చింది.

లత సోమలింగం భార్య. మనిషి పోయినందుకు సేఠ్ రెండు లక్షలతో పాటు, పెద్ద మనసు చేసుకుని, నెలకి పదకొండున్నర వేల ఉద్యోగం కూడా ఇచ్చాడు. తయారైన గొట్టంలోకి పొడుగాటి కర్రకి తెల్లగుడ్డ చుట్టి దూర్చి, అవతలి నుంచి లాగడం ఆమె పని. గుడ్డ తెల్లగా వస్తే నూనె బాగున్నట్టు. చార పడితే నూనె పాడైనట్టు. రోజుకి నలభై గొట్టాలు, నలభై గుడ్డలు. గొట్టాల మీద గీతలు పడేంతగా నూనె చెడితే అందరికంటే ముందు తెలియాల్సింది ఆమెకే. ఓంప్రకాష్‌కి ఆ ఆలోచన ఇంకా రాలేదు. వస్తే ఆమె ఉద్యోగం ఈ పూటతో సరి.

లత షెడ్డు చివర స్టూలు మీద కూర్చుని గుడ్డలు చింపుతోంది. పరుశురాం దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించి అడిగాడు.

"చెల్లె, గుడ్డ మీద చార వస్తలేదా?"

"తెల్లగనే వస్తున్నయి అన్నా."

"నూనె నా ఏళ్లకు తగిలింది. గరగర అంటున్నది. నా తోని ఎందుకు అబద్ధమాడుతవ్?"

ఆమె చింపుతున్న గుడ్డని ఒళ్లో పెట్టుకుంది. కాసేపటికి స్టూలు కింద నుంచి అన్నం గిన్నె సంచి బయటికి లాగింది. గిన్నె అడుగున మడతపెట్టిన గుడ్డలు. ఒక్కోదాని మీద ఒక్కో బూడిదరంగు చార. అడుగునున్నవాటి మీద పలచగా, పైకి వచ్చేకొద్దీ చిక్కగా ఉన్నాయి.

"పదకొండున్నయి," అంది. "దినానికొకటి దాచిన. కడమయి ఇంటికి తీస్కపోయి పొయ్యిల పెట్టిన."

"ఎందుకే?"

"చార వచ్చిందని చెప్తె బాయి తెరుస్తరు. బాయి తెరిస్తె ఎవరో ఒకరు దిగాలె గద. నేను గుడ్డ సూపెట్టుడేంది, ఇంకో ఆడిది నా తీర్గ అయ్యుడేంది. నాతోని కాలె."

"గిట్ల ఎన్ని దినాలు దాస్తవ్ చెల్లె?"

"ఎన్ని దినాలైతె అన్ని. ఒక్క దినం దాస్తె ఒక్క దినం అందరు ఇంటికి పోతరు అనుకున్న." ఆమె కళ్లు బాయి వైపు వెళ్లి వెనక్కి వచ్చాయి. "ఇయ్యాల దిగేది ఎవరు?"

"బక్కయ్య."

లత గిన్నె సంచిని మళ్లీ స్టూలు కిందికి తోసింది. ఆమె దాచినందువల్లే మడ్డి ఇంకా పెరిగింది, గొట్టాలు చెడ్డాయి, ఇవాళ ఇంత తొందర వచ్చిపడింది. ఆ సంగతి ఇద్దరికీ అర్థమైంది. ఆమెని తిట్టే హక్కు ఎవరికున్నా పరుశురాంకి మాత్రం లేదు.

మూడేళ్లుగా అతను ఎవరికీ చెప్పని మాట ఒకటుంది.

ఊళ్లో పరుశురాం వాళ్లకి జొన్నలు దాచే పాతర ఉండేది. నేలలో గొయ్యి తవ్వి, జొన్నలు పోసి, పైన మట్టి కప్పేసేవారు. తెరిచినప్పుడు దాంట్లో గాలి చెడిపోయి ఉంటుంది. పరుశురాం తండ్రి ఏనాడూ నేరుగా దిగేవాడు కాదు. ముందు తాడు కట్టి కందీలు దీపం దించేవాడు. దీపం ఆరిపోతే ఆ పూట దిగడం లేదు. వెలిగితే దిగొచ్చు. ఆ దీపం ఊళ్లో ఎంతమంది ప్రాణాలు కాపాడిందో.

ఆ రోజు సోమలింగం కూడా బక్కయ్యలాగే అడిగాడు, లోపల ఊపిరాడుతుందా అని. పరుశురాం తనకి తెలిసిన మంచిమాట చెప్పాడు. దీపం దించి చూడరా, ఆరకపోతే దిగు అన్నాడు. చెప్పి తాడు తేవడానికి పక్కకి వెళ్లాడు. పాతరలో ఉండేది ఊపిరాడని గాలి. బాయిలో ఉన్నది థిన్నర్ ఆవిరి. పాతరలో దీపం ఆరిపోతుంది, అంతే. బాయిలో దీపం ఆరదు, అంతా అంటుకుంటుంది. ఆ తేడా చెప్పినవాడికీ తెలియదు, విన్నవాడికీ తెలియదు. థిన్నర్ పోయించినవాళ్లకి తెలుసు. వాళ్లు చెప్పలేదు. సోమలింగం పుల్ల గీయగానే పైకెగసిన మంటకి, ఆరడుగుల దూరంలో ఉన్న పరుశురాం కనుబొమ్మలు మాడాయి. సోమలింగం నాలుగో రోజు ఆసుపత్రిలో పోయాడు.

'నియమాలకు విరుద్ధంగా తానే నిప్పు తెచ్చి ప్రమాదానికి కారకుడయ్యాడు' అని కాగితం రాశారు. సాక్షి సంతకం పరుశురాంది. నిప్పు తెమ్మన్నది ఎవరని వాళ్లు అడగలేదు, ఇతను చెప్పలేదు. ఆ తర్వాత నుంచి లత ఎదురొచ్చినప్పుడల్లా అన్నా అని పిలుస్తుంది. ఆ పిలుపు విన్న ప్రతిసారీ పరుశురాం తల తిప్పుకుని పనిలో పడతాడు.

"బాయి మూత తెరిచిండ్రన్నా," అంది లత ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటూ.

వాసన అతనికీ తగిలింది. ఇద్దరు కూలీలు మూత పక్కన పెట్టి, రెండు డబ్బాల థిన్నర్ లోపల ఒంపి, మిగతా రెండూ అక్కడే ఉంచి చాయ్ తాగడానికి వెళ్లారు. బాయి దగ్గర బక్కయ్య ఒక్కడే గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఏదో కడుతున్నాడు. పరుశురాం రెండడుగులు వేసి చూశాడు.

సన్నటి తీగకి బక్కయ్య పెయింటు డబ్బా మూత వేలాడదీశాడు. దాంట్లో రెండు కర్పూరం బిళ్లలు. పొద్దున పనిలోకి దిగే ముందు మిషన్‌కి దండం పెట్టుకోవడానికి జేబులో ఉంచుకునేవే. చేతిలో అగ్గిపెట్టె.

పరుశురాం పరిగెత్తాడు. బక్కయ్య పుల్ల తీసి పెట్టెకి ఆనించిన క్షణాన రెండు చేతులతో ఆ చేతిని పట్టుకుని పక్కకి గుంజేశాడు. ఇద్దరూ నేల మీద పడ్డారు. అగ్గిపెట్టె దూరంగా ఎగిరిపడి పుల్లలు చెదిరాయి. ఒక్క పుల్ల మాత్రం బక్కయ్య వేళ్ల మధ్య అలాగే ఉండిపోయింది. వెలగలేదు.

"ఏందన్నా, ఏమైంది?" అన్నాడు బక్కయ్య బిత్తరపోయి. "లోపల గాలి ఎట్లున్నదో సూద్దామని... మా తాత పాతరల దిగేముందు గిట్లనే..."

"నాకెరుక," అన్నాడు పరుశురాం. "నాకెరుక బక్కయ్యా. జర ఆ పుల్ల ఇటియ్యి."

పుల్ల తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. తర్వాత చెరో వైపూ మూత పట్టుకున్నారు. "నేల మీద గుంజకు, రవ్వలు లేస్తయి. ఎత్తి పెడదాం," అన్నాడు. ఇనుప మూత బాయి మీద కూర్చునేదాకా ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. లత అప్పటికే వెళ్లి పెద్ద స్విచ్చి కిందికి లాగేసింది. షెడ్డులో మిషన్లన్నీ ఒకదాని వెంట ఒకటి ఆగాయి.

అలవాటైన రొద ఒక్కసారిగా పోయేసరికి ఓంప్రకాష్ ఆఫీసు గదిలోంచి బయటికి వచ్చాడు. ఒక చేతిలో అచ్చేసిన కాగితం, ఇంకో చేతిలో పెన్ను. మూత మూసి ఉండడం చూశాడు, మూత మీద పరుశురాం కూర్చుని ఉండడం చూశాడు.

"క్యా నాటక్ హై యే?"

పరుశురాం లేవలేదు. జేబులోంచి పుల్ల తీసి చూపించి, ఇంకొక్క క్షణమైతే ఏం జరిగేదో హిందీలో చెప్పాడు. ఓంప్రకాష్ మొహం పాలిపోయింది. అతనికీ మూడేళ్ల కిందటి మంట గుర్తుంది. కానీ అంతలోనే సేఠ్ గుర్తొచ్చినట్టుంది.

"సరే, నిప్పు లేకుండా దింపు. బక్కయ్య జేబులు వెతికి దింపు. సంతకం పెట్టు."

"పెట్టను."

ఆ మాట చాలా చిన్నగా వచ్చింది. ఓంప్రకాష్‌కి వినపడలేదేమోనని పరుశురాం మళ్లీ అన్నాడు.

"గాలి చూశానని రాసి ఉంది. నేను చూడలేదు. చూసే మీటరు చచ్చిపోయింది. థిన్నర్ పోశాక ఈ పూట ఎవ్వరూ దిగరాదు. నేను సంతకం పెట్టను సాబ్."

"అయితే రేపటి నుంచి రాకు."

పరుశురాం నెలజీతం పంతొమ్మిది వేలు. గది అద్దె, పిల్ల కాలేజీ ఫీజు, ఊళ్లో తల్లి మందులు, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. ఇనుప మూత వేడి ప్యాంటు లోంచి కాలుస్తోంది. భయం ఏమీ తగ్గలేదు. ఉన్న భయానికి తోడు ఇంకోటి వచ్చి చేరింది, అంతే. అయినా అతను ఓంప్రకాష్ వైపు చూడలేదు. స్విచ్చి దగ్గర నిలబడ్డ లత వైపు చూశాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇక జన్మలో చెప్పలేనని తెలిసిపోయింది.

"లతా," అన్నాడు తెలుగులో. "ఆ దినం దీపం దించమన్నది నేనే. సోమలింగంకు ఆ ఆలోచన లేకుండె. నేను చెప్పిన, వాడు ఇన్నడు. తప్పంత వానిదే అని రాస్తె, సంతకం పెట్టిన. ఇగ నన్ను అన్నా అని పిలువకు."

బక్కయ్య తల వంచుకున్నాడు. ఓంప్రకాష్‌కి మాటలు అర్థంకాక ఒకసారి ఇతన్ని, ఒకసారి ఆమెని చూశాడు.

లత స్విచ్చి మీది నుంచి చేయి తియ్యలేదు. మొహంలో కోపమో ఏడుపో ఏదీ పూర్తిగా రాలేదు. చివరికి ఎవరినీ చూడకుండా అంది.

"దవాఖానల నేను ఆయన్ను అడిగిన. దీపం దించమని నీకెవరు చెప్పిండ్రు అని. ఎవ్వరు చెప్పలేదు, నాకే బుద్ధి పుట్టింది అన్నడు. మూడు దినాలు అడిగిన. మూడు దినాలు అదే మాట."

పరుశురాం రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. నడివయసు మనిషి, పదిమంది చూస్తుండగా, దాపరికం లేకుండా ఏడ్చాడు.

లత ఓదార్చలేదు. స్టూలు దగ్గరికి వెళ్లి అన్నం గిన్నె సంచి తెచ్చింది. బాయి పక్కన కూర్చుని లోపలి నుంచి గుడ్డలు తీసింది.

"సాబ్, రేపు వాళ్లొచ్చినంక ఇవి నేనే సూపెడత," అంది. "పదకొండు దినాల నుంచి నూనె ఖరాబున్నది. దాచింది నేనే. కాగితం ఉతికిచ్చింది మీరు. రెండూ చెప్త."

ఓంప్రకాష్‌కి ఆ తెలుగు ఎంత అర్థమైందో గానీ, గుడ్డల మీద చారలు మాత్రం అర్థమయ్యాయి. పెన్ను బక్కయ్య వైపు చాచి, "తూ సైన్ కర్," అన్నాడు. బక్కయ్య రెండు చేతులూ వీపు వెనక పెట్టుకున్నాడు.

ఆఫీసు గదిలో ఫోను మోగడం మొదలైంది. ఆ వేళప్పుడు చేసేది సేఠ్ ఒక్కడే. ఓంప్రకాష్ అటు తిరిగాడు గానీ అడుగు పడలేదు. లత ఒక్కో గుడ్డనే మడత విప్పి, చార పైకి కనపడేలా, పరుశురాం కూర్చున్న మూత చుట్టూ పరుస్తోంది. పదకొండోది పరిచేసరికి ఫోను ఆగి, మళ్లీ మోగింది.